తిన్నని గొట్టం

దస్తగిరికి వారం రోజులుగా అన్నం సయించడం లేదు. ఒంట్లో రోగమేమీ లేదు. గురువు నోట్లో ఇంకొకడు చేసిన పొగగొట్టం ఉంది. అదీ రోగం.

ఇంతోటిదానికేనా అని మీకు నవ్వు రావచ్చు. నల్లమిట్ట కొండ మీద మాత్రం అది నవ్వులాట కాదు. ఆ కొండ మీద హసనప్ప తాత అని ఒక ఫకీరు ఉండేవాడు. తన గురువు సమాధి పక్కనే రెండంకణాల కొట్టం వేసుకుని, పగలంతా పొగాకు పీల్చే గొట్టాలు చెక్కి సంతకు పంపేవాడు. చండ్రమాను చేవతో గిన్నె, గేదెకొమ్ముతో కాడ. వచ్చినదాంతో కొండెక్కిన వాళ్ళకు ఇంత రొట్టె, పులుసు పెట్టేవాడు. కింద పల్లెల్లో అందరూ ఆయన్ను గొట్టాల తాత అనే అనేవాళ్ళు. బోధలు చేసిన పాపాన పోలేదాయన. ఎవరేమడిగినా చేతిలో పని ఆపకుండా ఒక మాట అనేవాడు. ఒక్కోసారి అదీ ఉండేది కాదు.

తాత తన గొట్టం తాను చేసుకోడు. శిష్యుడు చేసిచ్చిందే పీలుస్తాడు. ఎవరి గొట్టం పీలుస్తాడో వాడే అందులో పొగాకు దట్టించాలి, నిప్పు పెట్టాలి, తాతకు కుడిపక్కన కూర్చోవాలి. ఆ గురువుల వరుసలో అది పాత ఆచారం. ఏటా గంధం పండగనాడు జనం కొండెక్కి మొదట చూసేది సమాధిని కాదు, తాత నోటిని. ఆ రోజు ఎవరి గొట్టం ఆయన నోట్లో ఉంటే, ఆయన తర్వాత గురువు పీట వాడిదే. తాత కూడా తన గురువు దగ్గర పీట అందుకున్నది అట్లాగే.

పద్నాలుగేళ్ళుగా ఆ నోట్లో ఉన్నది దస్తగిరి గొట్టం. తిన్నగా, సూటిగా, జానెడు పొడవున్న గొట్టం. నీళ్ళు మోసి, చెట్టు నరికి, ఉలి దెబ్బలకు వేళ్ళు తెగ్గోసుకుని సంపాదించుకున్న కుడిపక్క అది. ఈ ఏడు తాతకు ఎనభై దాటాయి. ఈ గంధమే ఆఖరి గంధమేమోనని జనం అనుకుంటున్నారు. ఇక పీట తనదే కదా అని దస్తగిరి కూడా లోలోపల అనుకుంటూనే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడు, గంధానికి ఇంకా పన్నెండు రోజులుందనగా, లాలెప్ప ఒక గొట్టం తెచ్చి తాత ముందు పెట్టాడు.

లాలెప్ప వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. అంతకుముందు పెళ్ళిళ్ళకు వంటలు చేసేవాడు. నలభై అయిదేళ్ళ మనిషి, బానపొట్ట, నడిస్తే ఆయాసం. పెళ్ళాం పోయాక ఇంట్లో ఉండబుద్ధి కాక కొండెక్కాడు. ఇక్కడా వంట అతనిదే. తీరికైనప్పుడు ఉలి పట్టుకుని కూర్చునేవాడు. ఆ చేసింది మాత్రం ఏం గొట్టమండీ! కాడ కొంగమెడలాగా వంగి ఉంది. నోట్లో పెట్టుకుంటే గిన్నె వచ్చి గడ్డం దగ్గర వేలాడుతుంది.

తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నోట్లో పెట్టుకున్నాడు. రెండు చేతులూ వదిలేసి, ఉలి అందుకుని పనిలో పడ్డాడు. గొట్టం దానంతటదే నిలబడింది. ఒక గుక్క పీల్చి, "ఊఁ" అన్నాడు.

ఆ "ఊఁ" పోయి దస్తగిరి గుండెల్లో దిగబడింది. పద్నాలుగేళ్ళలో తనకు ఒక్కటంటే ఒక్క "ఊఁ" పడలేదు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అన్నారా? ఆ సాయంత్రం కుడిపక్కన లాలెప్ప తన పొట్ట సర్దుకుంటూ కూర్చుంటే, దస్తగిరి గడప దగ్గర నిలబడి చూశాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. నిలబడే ఉన్నాడు.

ఓర్వలేనితనం పట్టుకుంటే మనిషికి తీరిక ఉండదు. తాత లాలెప్పను ఎన్నిసార్లు "నాయనా" అన్నాడు, తనను ఎన్నిసార్లు అన్నాడు? పళ్ళెంలో రొట్టె ముందు ఎవరికి పడింది? వడ్డించేటప్పుడు ఆ గరిటెగాడు తాత చెవి దగ్గరికి వంగి ఏం గొణుగుతున్నాడు? ఇవన్నీ కనిపెట్టుకుని ఉండాలి కదా. దస్తగిరి పాపం రోజంతా అదే పనిగా ఉన్నాడు. ఆ వారంలో అతను చెక్కిన గిన్నెలు మూడు పగిలాయి.

ఒకరోజు పొయ్యి దగ్గరికే పోయాడు.

"ఏం లాలెప్పా, గరిటె వదిలి ఉలి పట్టినట్టుండావే."

"ఏదో అన్నా, చెయ్యి ఊరుకోక."

"ఆ కాడ ఎట్లా వంచినావు?"

ఇంకొకడైతే దాచేవాడు. లాలెప్ప పిండి చేతులు తుడుచుకుని సంబరంగా చెప్పుకొచ్చాడు. "కొమ్మును ఉడుకునీళ్ళలో బాగా నాననిచ్చి, బెజ్జంలోకి నూనె రాసిన తీగ దూర్చి, అప్పుడు వంచాలన్నా. తీగ లేకుంటే వంపు కాడ బెజ్జం మూసుకపోతాది. నాలుగు కొమ్ములు పాడుచేసినాక తెలిసొచ్చింది. నీకు కావాలంటే ఒకటి చేసిస్తా."

"నాకెందుకులే ఆ వంకర" అని దస్తగిరి వచ్చేశాడు. తిట్టినా బాగుండేది. చేసిస్తానన్నాడు చూడండి, ఆ మాటకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇక ఆగలేక మరుసటి రోజు పొద్దున్నే తాత ముందు కూర్చున్నాడు. తాత గేదెకొమ్ము అరగదీస్తున్నాడు. వంకర గొట్టం ఆయన నోట్లోనే ఉంది.

"తాతా, ఒక మాట అడగనా?"

"అడుగు."

"తిన్నని గొట్టం, వంకర గొట్టం, రెండిట్లో మనిషికి ఏది హాయి?"

తాత అరగదీయడం ఆపలేదు. దస్తగిరే అందుకున్నాడు. "తిన్ననిదైతే తీగ ఈ కొసన పెడితే ఆ కొసన తేలతాది. శుభ్రం చేసుకునేదానికి సులువు. పొగ పొడిగా వస్తాది. వంకరదాంట్లో వంపు కాడ తడి నిలబడి గుడగుడమంటాది. నేను పనితనం సంగతే అడుగుతుండా తాతా. ఇంకేం లేదు నా మనసులో."

"నీ ఉలి మొద్దుబారినట్టుంది" అన్నాడు తాత. "పోయి సానపట్టుకో."

దస్తగిరి పోయి సానపట్టాడు. రాతి మీద ఉలి కరకరలాడుతుంటే, తాతకు తన మాటంటే లెక్కే లేకుండా పోయిందని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉలి మాత్రం బాగా పదునెక్కింది.

గంధానికి నాలుగు రోజులుంది. మధ్యాహ్నం తాత నమాజుకు లేచాడు. లాలెప్ప కట్టెలకు పోయాడు. వంకర గొట్టం పీట మీద ఉంది. దస్తగిరి అటూ ఇటూ చూశాడు. కొండ మీద మేకలు తప్ప ఇంకేమీ లేవు. కాడ ఊడబెరికి, గోరంత కొబ్బరిపీచును ఉండచేసి, తీగతో వంపులోకి నెట్టి, మళ్ళీ బిగించాడు. చిన్నప్పుడు పక్కవాడి చేలో శనక్కాయ కూడా పీకి ఎరగని మనిషి. అయినా పని సరిగ్గానే చేశాడు, పనిమంతుడు కదా.

నమాజు నుంచి వచ్చి తాత కూర్చున్నాడు. లాలెప్ప పొగాకు దట్టించి నిప్పు పెట్టాడు. తాత ఒక గుక్క లాగాడు. రాలేదు. రెండో గుక్క లాగితే గుడగుడమని చేదునీళ్ళు నోట్లోకొచ్చాయి. పక్కకు ఊసి, గొట్టాన్ని తలకిందులు చేసి చూశాడు. తర్వాత తలెత్తి చూశాడు. చూసింది లాలెప్ప వైపు కాదు, దస్తగిరి వైపు.

దస్తగిరి తేలు కుట్టిన దొంగలాగా ఉండిపోయాడు.

"ఇటియ్యి తాతా, తీగ పెట్టి చూస్తా" అని లాలెప్ప కంగారుగా చెయ్యి చాపాడు.

"ఉండనీలే" అని తాత ఆ గొట్టాన్ని తన జోలెలో వేసుకున్నాడు. "దస్తగిరీ, నీది ఇటియ్యి."

యా అల్లా! ఆ మాట చెవిన పడగానే దస్తగిరికి ప్రాణం లేచొచ్చింది. పరుగున పోయి తన తిన్నని గొట్టం తెచ్చాడు. దట్టించాడు. నిప్పు పెట్టాడు. కుడిపక్కన కూర్చున్నాడు. లాలెప్ప లేచి పొయ్యి దగ్గరికి పోయాడు. ఆ పూట దస్తగిరి నాలుగు రొట్టెలు తిని, ఇంకోటి ఉందా అని అడిగాడు.

మర్నాడంతా తాత పక్కనే ఉన్నాడు. చూస్తే తాత గొట్టాన్ని ఎడంచేత్తో పట్టుకునే ఉంటున్నాడు. నోట్లో పెట్టినా వేళ్ళు తియ్యడం లేదు. ఉలి పట్టేదానికి ఒక చెయ్యే మిగలడంతో పని సాగడం లేదు. అయినా గొట్టం వదలడం లేదు. అది చూసి దస్తగిరి ఎంత పొంగిపోయాడంటే, నీళ్ళ కుండ దగ్గర లాలెప్ప ఎదురైతే ఆపి మరీ చెప్పాడు.

"చూసినావా? నా గొట్టమంటే తాతకు ఎంత మక్కువో. ఒక్క గడియ చేతిలోంచి వదలడంలేదు."

లాలెప్ప అతని ముఖంలోకి ఒకసారి చూసి, కుండ ఎత్తుకుని పోయాడు. కడుపుమంటతో మాట రాలేదులే అనుకున్నాడు దస్తగిరి. ఎవరికున్న రోగం వాళ్ళకు ఎదుటివాడిలో కనబడుతుంది మరి.

గంధానికి ముందురోజు పొద్దున దస్తగిరి గొట్టం శుభ్రం చేస్తున్నాడు. పండగకు మెరవాలి కదా, గుడ్డకు నూనె అద్ది కాడంతా రుద్దుతున్నాడు. మూతి దగ్గరికొచ్చేసరికి గుడ్డకు ఎర్రగా అంటింది. తాంబూలమేమో అనుకున్నాడు. తాత తాంబూలం వెయ్యడు. ఎండలోకి పోయి చూశాడు. కాడ మూతికి ఎడంపక్క తాత పళ్ళు పట్టిన గాడి ఉంటుంది, ఏళ్ళ తరబడి పడిన గాడి. అందులో మసి పేరుకుని ఉంది. అంటే చాలాకాలంగా అక్కడ పన్ను ఆనడం లేదు. ముందువైపు మాత్రం కొత్త గాట్లు, అడ్డదిడ్డంగా. అక్కడే నెత్తురు.

గొట్టం పట్టుకుని పొయ్యి దగ్గరికి పోయాడు. లాలెప్ప జొన్నరొట్టెను ముక్కలు చేసి పులుసులో వేస్తున్నాడు.

"లాలెప్పా, తాత నోట్లో ఏమన్నా పుండు లేచిందా?"

"పుండు కాదన్నా. ఎడంపక్క దవడపళ్ళు మూడూ ఊడిపోయినాయి. కుడిపక్కవి కదులుతా ఉండాయి."

"ఎప్పుడు?"

"పోయిన గంధానికి ముందే గదా."

"మరి నాకెందుకు చెప్పలా?"

లాలెప్ప చెయ్యి ఆపి వింతగా చూశాడు. "ఏడాదిగా తాత రొట్టె పులుసులో నానేసి నీ పక్కనే కదన్నా పెడతా ఉండా. మెత్తబడిందా లేదా అని వంగి అడిగి మరీ పెడతా. నీకు తెలిసే ఉంటాదిలే అనుకున్నా."

పళ్ళెంలో ముందు ఎవరికి పడిందో చూశాడు దస్తగిరి. తాత పళ్ళెంలో ఏం పడిందో చూడలేదు.

లాలెప్పే మెల్లగా అన్నాడు. "తిన్నని గొట్టం బరువంతా ముందుకు లాగుతాది. పళ్ళు బిగబట్టాల. వంచితే గిన్నె గడ్డం మీదికి వాలతాది, పెదాలతో పట్టుకున్నా చాలు. అందుకని వంచినా. నీకు పోటీగా కాదన్నా."

ఇంత తెలిశాక ఏం చేయాలి? మీరైతే వెంటనే పోయి కాళ్ళ మీద పడేవాళ్ళు. నేనూ అట్లాగే అంటాను, పడాల్సింది నేను కాదు కదా. దస్తగిరి కొట్టం వెనక రాతి మీద కూర్చుని పొద్దుగూకేదాకా ఆలోచించాడు. ఒక్కరోజు. రేపు ఒక్కరోజు ఆ తిన్నని గొట్టం తాత నోట్లో ఉంటే పీట తనదవుతుంది. ఎల్లుండి తానే కొమ్ములు ఉడకబెట్టి, వంకర గొట్టాలు పది చేసిస్తాడు. ఏడాదిగా ఓర్చుకున్న మనిషి ఒక్కరోజు ఓర్చుకోలేడా? ఈ ఆలోచన తప్పని తెలుసు. తెలిసే దాన్ని పట్టుకుని వేలాడాడు.

గంధంనాడు కొండంతా జనం. సాంబ్రాణి పొగ, తప్పెట్లు, చక్కెర పంచేవాళ్ళు. పొద్దు వాలుతుండగా తాత కొట్టంలోంచి బయటికొచ్చాడు. గంధం గిన్నెను తల మీద పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని సమాధిదాకా మోసుకుపోవాలి. దించకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. నోట్లో నిప్పున్న గొట్టం ఆరకూడదు.

అంటే, ఇక గొట్టానికి చెయ్యి సాయం లేదు. ఆ సంగతి దస్తగిరికి అప్పటిదాకా తట్టనేలేదు.

"దస్తగిరి గొట్టమే!" అని ఎవరో అరిచారు. "నేను చెప్పలా? దస్తగిరిదే పీట!" అని ఇంకెవరో. ఒకాయన వచ్చి దస్తగిరి మెడలో మల్లెదండ వేశాడు. దస్తగిరి తాతకు కుడిపక్కన నడుస్తున్నాడు. పద్నాలుగేళ్ళు కలగన్న నడక అది. జనం అతని చేతులు ముట్టుకుంటున్నారు. అతను మాత్రం తాత నోటినే చూస్తున్నాడు.

గొట్టం కిందికి జారుతోంది. తాత పళ్ళు బిగించి పైకి లేపుతున్నాడు. మళ్ళీ జారుతోంది. దవడ వణుకుతోంది. అడుగడుక్కీ గొట్టం టకటకమని పంటికి కొట్టుకుంటోంది. ఆ తప్పెట్ల మోతలో ఆ చప్పుడు ఇంకెవరికీ వినబడలేదు. పెదవి చివర సన్నగా ఎర్రటి చార దిగి గడ్డంలోకి పోయింది. నలభై అడుగులు కూడా లేని దారి. దస్తగిరికి అది తెగలేదు.

తాత సమాధి మీద గంధం పూసి, చాప మీద కూర్చున్నాడు. గొట్టం ఇంకా పళ్ళ మధ్యే ఉంది. జనం చుట్టూ చేరారు. ఆచారం ప్రకారం కుడిపక్కన దస్తగిరి కూర్చున్నాడు. కూర్చుని, చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"తాతా, నొప్పిగా ఉండాది గదా?"

"ఉండాది."

"గొట్టంలో పీచు పెట్టింది నేనని నీకు తెలుసు గదా?"

"తెలుసు."

"మరి ఇదెందుకు పెట్టుకున్నావు తాతా, నాలుగు రోజులుగా?"

తాత అతని వైపు తిరిగాడు. ఆ ముఖంలో కోపం వెతికాడు దస్తగిరి. దొరికుంటే కొంచెం తేలికయ్యేది.

"నీకు హాయిగా ఉంటాదని" అన్నాడు తాత.

దస్తగిరి రెండు చేతులూ చాపి తాత గడ్డం కింద దోసిలి పట్టాడు. తాత పళ్ళు వదిలాడు. గొట్టం వచ్చి దోసిట్లో పడింది.

"అదేంది, తీసేస్తున్నాడే" అని జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

దస్తగిరి తలెత్తలేదు. తాత జోలెలో చెయ్యి పెట్టి వంకర గొట్టం బయటికి తీశాడు. కాడ ఊడబెరికి, మొలలోని తీగ తీసి, అందరూ చూస్తుండగా వంపులోకి దూర్చి గుచ్చసాగాడు. రెండుసార్లు గుచ్చితే రాలేదు. మూడోసారికి పీచు ఉండ నల్లగా, తడిగా ఊడి వచ్చింది. దాన్ని అవతల పారెయ్యలేదు. నలుగురికీ కనబడేట్టు చాప మీద పెట్టాడు. మెడలో దండ తీసి పక్కన పెట్టి, కుడిపక్క చోటు వదిలి లేచి నిలబడ్డాడు.

"లాలెప్పా" అని కేకేశాడు. "నిప్పు తీసుకురా."